రెండు రోజులు ఉచితం

అమర్‌నాథ్ బతికుండగా చేసిన ఆఖరి పని, చేతికున్న కొత్త వాచీలో టైం చూసుకోవడం.

తాండూరు రైల్వేస్టేషన్. పొద్దున తొమ్మిది దాటి పన్నెండు నిమిషాలు. హైదరాబాదు వెళ్ళే రైలు దూరంగా సిగ్నల్ దగ్గర కనబడుతోంది. నాపరాళ్ళు ఎగుమతి చేసే అమర్‌నాథ్ చిన్న బ్యాగు చంకన పెట్టుకొని భార్యతో ఫోన్లో మాట్లాడుతున్నాడు.

“హైదరాబాద్ పోయి ఒక ఆఫీసర్‌ను కలిసి వస్త. ఏందనేది వచ్చినంక చెప్త. నువ్వు ఫికర్ చెయ్యకు.”

ఫోన్ పెట్టేశాడు. వాచీ చూసుకున్నాడు. చీమ కుట్టినట్టు మణికట్టు రుద్దుకున్నాడు. మోకాళ్ళు ముడుచుకుపోయి బెంచీ పక్కనే కూలిపోయాడు.

జనం మూగారు. వాళ్ళలోంచి ఒకతను వంగి, నాడి చూస్తున్నట్టు అతని చేయి పట్టుకున్నాడు. “అంబులెన్స్‌కు ఫోన్ కొట్టుండ్రి!” అని కేకేశాడు. అంబులెన్స్ వచ్చేసరికి ఆ మనిషి లేడు. అమర్‌నాథ్ చేతికి వాచీ కూడా లేదు.

గుండెపోటు అని రాశారు. వయసు నలభై నాలుగు.

ఆరు రోజుల తర్వాత, వికారాబాద్ స్టేషన్ రోడ్డులో జిరాక్స్ షాపు పైనున్న గదిలో, ఆ మణికట్టు ఫోటో దేవిక ముందుంది. ఎండకు నల్లబడిన చేయి. వాచీ ఉండాల్సిన చోట సన్నటి తెల్ల చార. ఆ చార మధ్యలో ఒక ఎర్ర చుక్క. సూది మొనంత.

“చూశావా?” అన్నాడు యోహాను.

యోహాను ఆమె చీఫ్. యాభై ఏళ్ళు. ఆఫీసుకు పేరు లేదు, గదికి బోర్డు లేదు. గోడకున్న క్యాలెండర్ కూడా కింద జిరాక్స్ షాపువాళ్ళదే.

“చూసిన సార్.”

“భయమైతుందా?”

“అయితుంది సార్.” దేవిక అబద్ధం చెప్పలేదు. ఇంటర్వ్యూలో కూడా చెప్పలేదు. ధారూర్ దగ్గరి పల్లెలో గొర్రెలు కాసే హన్మయ్య కూతురు. ఇంటిల్లిపాదిలో డిగ్రీ చదివిన మొదటి మనిషి. బిడ్డ హైదరాబాదులో కంప్యూటర్ ఆఫీసులో చేస్తుందని తల్లి ఊరంతా చెప్పుకుంటుంది.

“మంచిది. ధైర్యవంతులని ఇద్దర్ని పంపిన ఇదివరకు. ఇద్దరి ఫోటోలకూ దండలేసినం.” యోహాను టేబుల్ మీద ఒక బ్రోచర్ పెట్టాడు. “చదువు.”

జాయోరా ట్రిప్స్. మీ బిజినెస్ ట్రిప్ మూడు రోజులదే. మిగతా రెండు రోజులు మా కానుక.

“ఇదీ వాళ్ళ పద్ధతి,” అన్నాడు యోహాను. “మనోడు ఇస్తాంబుల్‌కో, దుబాయ్‌కో ట్రేడ్ ఫెయిర్‌కు పోతడు. పని మూడు రోజులు. జాయోరా వాళ్ళు ఇంకో రెండు రోజులు ఉచితంగ ఉంచుకుంటరు. హోటల్, పడవ షికారు, విందు, అన్నీ. ఆఖరి రోజు ఖరీదైన వాచీ కానుక. ఆ వాచీలో మైకు ఉంది. సూది కూడా ఉంది.”

“ఎవలు వింటరు సార్ అది?”

“ఏ దేశమో ఇప్పుడు నీకొద్దు. ఒక గూఢచారుల రింగ్. వాళ్ళకు కావలసింది ఇక్కడి వ్యాపారులు కాదు. ఇక్కడి అడవిలో మన రక్షణ శాఖ ఒక కేంద్రం కడుతుంది. దానికి ఫ్లోరింగ్ రాయి తాండూరు నుంచే. రాయి వేసేటోడు లోపలికి పోతడు. వాని చేతికి వాచీ ఉంటే, ఆ వాచీ కూడా లోపలికి పోతది.”

దేవిక ఫోటో మళ్ళీ చేతిలోకి తీసుకుంది. “అమర్‌నాథ్‌కు తెలిసిపోయింది.”

“తెలిసి, మనకు చెప్దామని బయలుదేరిండు. వాచీ పెట్టుకొనే ఫోన్ మాట్లాడిండు.” యోహాను ఇంకో ఫోటో ముందుకు తోశాడు. తెల్ల చొక్కా, లావుపాటి మీసం. “సోమేశ్వర్. పాలిషింగ్ యూనిట్ ఓనర్. తొమ్మిది రోజుల కింద ఇస్తాంబుల్ నుంచి వచ్చిండు. ఈ రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు ఆయనను చంపుతరు.”

దేవిక గోడ గడియారం చూసింది. తొమ్మిదీ నలభై.

“ఎందుకు సార్?”

“అదే అర్థం కాలేదు. వచ్చిన తెల్లారి నుంచి ఆయన వాచీలో వాళ్ళకు ఒక్క వ్యాపారం మాట వినబడలేదట. ఎనిమిది రోజులూ ఒకే ఒక ఆడమనిషి గొంతు. ఆమె మన ఆఫీసర్ అనీ, ఆమె చెప్పేవన్నీ కోడ్ మాటలనీ వాళ్ళ అనుమానం. సోమేశ్వర్ మనవైపు తిరిగిపోయిండని తేల్చుకున్నరు.”

“మన ఆఫీసరా?”

“ఈ జిల్లా మొత్తంలో మనకున్న ఆడ ఆఫీసరువు నువ్వొక్కదానివే.”

ఈ కబురు పంపింది జాయోరా ట్రిప్స్‌కు ముఖంలాంటి మనిషి. స్నేహలత. వికారాబాద్ గింజల మార్కెట్లో కమీషన్ మీద ధాన్యం అమ్మిపెట్టే అడ్తి దుకాణం నడిపినాయన కూతురు. ఇప్పుడు దుబాయ్‌లో ఫ్లాటు, నాలుగు భాషలు, ఆమె నవ్వితే కాంట్రాక్టు మీద సంతకం చేయనివాడు లేడని పేరు. రింగ్ జీతం ఇస్తుంది. ఏడాదిగా ఆమె పనిచేస్తున్నది మాత్రం యోహానుకు. కోడ్ నేమ్ సీతాఫలం. హోటల్ లాండ్రీ లిస్టు వెనక రాసి పంపింది: నా చేతికీ ఒకటి తొడిగారు. మాట్లాడలేను. సోమేశ్వర్ వాచీ విప్పడానికి నాలుగంకెల నంబరు కావాలి. అది ఈ రోజు పదకొండింటికి మారుతుంది. చేతితో ఇస్తాను.

“నంబరు కొట్టకుండా బకిల్ విప్పితే?”

“సూది.”

“జామర్ పెడితే?”

“సిగ్నల్ పోయిన క్షణం, సూది. నంబరు ఒక్కసారే కొట్టొచ్చు. తప్పైతే?”

“సూది,” అంది దేవిక.

“ఈ రోజు తాండూరు ఫంక్షన్ హాల్ల జాయోరా వాళ్ళ సదస్సుకు సోమేశ్వర్ వస్తడు. ఫోన్ల మీట నొక్కి సూది దించేటోడు ఆ హాల్లోనే ఉంటడు. చచ్చినోని చేతి వాచీ తీసుకుపోవడం వాని డ్యూటీ. వాడెవడో స్నేహలతకు కూడా తెల్వదు.” యోహాను ఆమెకు ఒక జత గాజులు ఇచ్చాడు. ఎర్ర మట్టిగాజుల్లాగే ఉన్నాయి. “ఒకదాంట్లో వైబ్రేటర్ ఉంది. పన్నెండూ యాభై ఒకటి నుంచి నిమిషానికొకసారి కొడతది. మూడుసార్లు వరుసగా కొడితే పని అయిపోయినట్టు. అప్పటిదాకా వాచీ దగ్గర పని మాట ఎత్తకు. వాచీ అన్న మాటే రావద్దు.”

కారు ధారూర్ దాటుతుంటే రోడ్డుకడ్డంగా గొర్రెల మంద వచ్చింది. డ్రైవర్ హారన్ కొట్టాడు. దేవిక చీర కొంగు ముఖం మీదికి లాక్కుంది. తెలిసినవాళ్ళెవరైనా “దేవికా, ఏడికి బిడ్డా?” అని పలకరిస్తే, ఆ ఒక్క పలకరింపుకే ఏడ్చేసేలా ఉంది.

తాండూరులో ఫంక్షన్ హాలు బయట పెద్ద ఫ్లెక్సీ: విదేశీ బిజినెస్ ట్రిప్‌ను పూర్తిగా వాడుకోవడం ఎలా? ఉచిత సదస్సు. భోజనం కలదు.

రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర కుర్చీలోంచి లేచి నవ్వాడు ఒక సన్నటి మనిషి. మెడలో ట్యాగు: మనీష్, ఈవెంట్స్.

“పేరు మేడం?”

“శంకరమ్మ. కొడంగల్. కందిపప్పు ఎక్స్‌పోర్ట్ చేద్దామని.”

“మస్తు ఐడియా మేడం. ఇంత చిన్న వయసుల!” బ్యాడ్జీ ఆమె చీరకు తానే పెట్టబోయి, మర్యాదగా ఆగి, చేతికిచ్చాడు. “ఒంటిగంటకు భోజనాలు. బగారా అన్నం, దాల్చా. తినకుండ పోవద్దు.”

లోపల రెండొందల మంది. రాళ్ళ వ్యాపారులు, పప్పు మిల్లులవాళ్ళు. అందరూ ఫోన్లు చూస్తున్నారు. రెండొందల ఫోన్లలో ఒక ఫోన్ మనిషిని చంపుతుంది. దేవిక కుర్చీలో కూర్చుంది. హ్యాండ్‌బ్యాగు ఒడిలో పెట్టుకుంది. రెండు వరుసల ముందు సోమేశ్వర్ కనబడ్డాడు. ఫుల్ హ్యాండ్స్ చొక్కా. కఫ్ గుండీ పెట్టి ఉంది. వాచీ కనబడటం లేదు.

స్టేజీ మీదికి స్నేహలత వచ్చింది. నెమలిపింఛం రంగు పట్టుచీర. ఎడమ చేతికి బంగారు రంగు స్ట్రాపు వాచీ. లైటు పడ్డప్పుడల్లా మెరుస్తోంది.

“మూడు రోజుల పనికి పోయి మూడో రోజే తిరిగొచ్చేవాళ్ళు చేతులెత్తండి,” అంది మైకులో. చాలా చేతులు లేచాయి. “మీరంతా టికెట్టులో సగమే వాడుకున్నారు. ఫెయిర్ మొదటి రోజు మీ కార్డులు పంచకండి, వాళ్ళవి తీసుకోండి. రెండో రోజు ఎవరు మళ్ళీ వస్తారో చూడండి. నాలుగో రోజు కొనేవాడి గోడౌనుకు వెళ్ళండి. మీ రాయి అక్కడ ఎక్కడ పేరుస్తాడో చూస్తే, ఎంత కొంటాడో ఆయన చెప్పక్కర్లేదు.”

జనం రాసుకుంటున్నారు. అన్నీ పనికొచ్చే మాటలే. అందుకే దేవికకు ఇంకా భయం వేసింది. పనికిరాని మాటలైతే జనం నమ్మేవాళ్ళు కాదు.

ప్రశ్నల టైం. పన్నెండుంపావు. దేవిక లేచి నిలబడింది. “మేడం, కళ్ళు తెరవని సీతాఫలాలు ఎక్స్‌పోర్ట్‌కు పంపొచ్చునా?”

స్నేహలత నవ్వు చెదరలేదు. “అవే పంపాలి. కళ్ళు తెరిచాక పంపితే దారిలోనే మెత్తబడతాయి.”

కోడ్ కలిసింది.

పన్నెండున్నరకు లక్కీ డ్రా. స్నేహలత గాజు గిన్నెలో చేయిపెట్టి చీటీ తీసింది. “శంకరమ్మ గారు, కొడంగల్!”

చప్పట్లు. దేవిక స్టేజీ ఎక్కింది. కెమెరా ఇటే చూస్తోంది. స్నేహలత శాలువా విప్పి ఆమె భుజాల మీద కప్పింది. శాలువా అంచు కిందే ఆమె కుడిచేయి పట్టుకుంది. అప్పుడు, నవ్వుతూనే, దేవిక వేళ్ళు నాలుగింటిని కలిపి నొక్కింది.

దేవిక ఒక్క క్షణం బిత్తరపోయింది. వెంటనే తండ్రి పక్కన కూర్చున్న గొర్రెల అంగడి గుర్తొచ్చింది. గొర్రెల బేరం నోటితో చేయరు. రుమాలు కప్పి వేళ్ళు పట్టుకుంటారు. ఎన్ని వేళ్ళు పడితే అంత. అరచేయి మొత్తం పట్టుకుంటే ఐదు. చుట్టూ పదిమంది నిలబడ్డా ధర ఇద్దరికే తెలుస్తుంది. గింజల మార్కెట్లోనూ అదే బేరం. అడ్తి దుకాణంలో పెరిగిన పిల్లకు ఇది కొత్త కాదు.

నాలుగు. తర్వాత రెండు వేళ్ళు. తర్వాత అరచేయి మొత్తం, దాని వెంటే రెండు వేళ్ళు: ఏడు. ఆఖరున మూడు.

4273.

“రెండు రోజులు ఉచితం!” అని స్నేహలత మైకులో ప్రకటించింది. ఆమె వేళ్ళు మంచుగడ్డల్లా ఉన్నాయి. చేయి వదలడానికి ఒక్క క్షణం ఆలస్యం చేసింది. దేవికకు అర్థమైంది. ఈమె కూడా భయపడుతోంది.

దేవిక నేరుగా సోమేశ్వర్ దగ్గరికి వెళ్ళింది. ఆయన చప్పట్లు కొడుతూ లేచాడు. “కిస్మత్ అంటే నీదే బిడ్డా! నేను పోయొచ్చిన. మస్తుగుంటది.” మాట్లాడుతూ కఫ్ గుండీ విప్పి చొక్కా పైకి మడిచాడు.

అరిగిపోయిన తోలు పట్టీ. పసుపుపచ్చబడ్డ డయల్. పాత కీ ఇచ్చే వాచీ.

ఇది జాయోరా వాచీ కాదు. ఇక్కడ మైకు లేదు. మాట్లాడొచ్చు. కానీ చుట్టూ రెండొందల కళ్ళ జతలు. నవ్వు తెచ్చుకుంది.

“వాళ్ళు మంచి వాచీ ఇస్తరట గదా అన్నా? పెట్టుకోలేదేం?”

“నాకెందుకమ్మా గవన్ని? గిది మా మామ పెండ్లికి పెట్టిన వాచీ, నడుస్తనే ఉన్నది.” సోమేశ్వర్ వేళ్ళు మడిచాడు. “విదేశం పోయొచ్చినంక ఉత్త చేతుల్తో ఇంట్లకు ఎట్ల పోతం? టికెట్ల ముప్పై కిలోలు రాసుంటే ఇరవై తొమ్మిదిన్నర తెచ్చిన. చాక్లెట్లు బావమరిది పిల్లలకు. సెంటు బాటిళ్ళు మా ఆమెకు, మరదండ్లకు. దుప్పటి చిన్నమ్మకు. వాచీ మా అమ్మకిచ్చిన. షుగరున్నది, నడువుమన్నరు. ఎన్ని అడుగులేసిందో అది చెప్తది గదా. వచ్చిన తెల్లారే పెట్టిన చేతికి. అప్పటిసంది తీస్తే ఒట్టు!”

ఎనిమిది రోజులు. ఒకే ఒక ఆడమనిషి గొంతు.

“పెద్దమ్మ వచ్చిందా ఇక్కడికి?”

“లే. ఇంట్ల ఒక్కతే ఉన్నది. వడియాలు పెడ్తున్న, ఎవ్వరొద్దు పోండ్రి అన్నది. మార్కెట్ ఎనక గల్లీ, నీలం గేటు.”

దేవిక బయటికి నడిచింది. పరిగెత్తకూడదు. గేటు దగ్గర మనీష్. “మేడం, భోజనం?”

“వస్త. మా తమ్ముడు వచ్చిండు, తోల్కొస్త.”

ఆటో ఎక్కి యోహానుకు మెసేజ్ పెట్టింది: వాచీ తల్లి చేతికి. ఇంట్లో ఒంటరిగా ఉంది. నేను వెళ్తున్నా.

జవాబు వెంటనే వచ్చింది: వెళ్ళు. నేను వడ్డించేవాళ్ళతో హాల్లోనే ఉన్నా, సోమేశ్వర్‌ను భోజనానికి కూర్చోబెడతా.

పన్నెండూ నలభై ఎనిమిది. రోడ్డు మీద బండల లారీ అడ్డం తిరిగి ఉంది. డ్రైవర్ దిగి ఎవరితోనో పోట్లాడుతున్నాడు. దేవిక ఆటో దిగింది. ఇక్కడ పరిగెత్తింది. రాతి పొడి గొంతులో పడుతోంది. చేతి గాజు ఒకసారి వణికింది. పన్నెండూ యాభై ఒకటి. మళ్ళీ వణికింది. ఒక్కో వణుకుకూ, ఎక్కడో ఒక చేయి ఫోన్ మీదికి దగ్గరవుతున్నట్టే ఉంది.

నీలం గేటు. గాజు మూడోసారి కొట్టింది.

లోపల నాపరాళ్ళు పరిచిన వాకిట్లో తెల్లటి పంచె పరిచి ఉంది. దాని ముందు పీట మీద సోమేశ్వర్ తల్లి అనసూయమ్మ. అరవై ఎనిమిదేళ్ళు. సన్నటి చేతులు, వేళ్ళకు మినప్పిండి. ఎడమ మణికట్టు మీద బంగారు రంగు స్ట్రాపు వాచీ.

“ఎవలు బిడ్డా? గట్ల రొప్పుతున్నవ్ ఏంది? కుక్క తరిమిందా?”

“సోమేశ్వరన్న పంపిండు పెద్దమ్మా. కొడంగల్ మాది.”

“కొడంగలా! మా ఆడిబిడ్డను గాడికే ఇచ్చినం. జర కూసో. ఎండల పడొచ్చినవ్. గీ వడియాలు సూస్తున్నవ్ గదా, పిండి పల్సగయ్యింది. మా కోడలు నీళ్ళు పోసింది. నేనంటే పోయలే అంటది. నువ్వే చెప్పు, నీళ్ళు పోయకపోతే గిట్లయితదా?”

వినేవాళ్ళు ఈ మాటలను ఎనిమిది రోజులుగా విప్పి చూస్తున్నారు. నీళ్ళు అంటే ఏమిటి, పిండి అంటే ఏమిటి, కోడలు ఎవరు అని. దేవికకు నవ్వు రాలేదు. కాగితం మీద రాసి చూపిద్దామా? బ్యాగులోంచి పెన్ను తీసింది.

“ఏం రాస్తవ్? నాకు అద్దాలు లేవు. గట్టిగ సదువుకుంటెనే అర్థమైతది నాకు, మా ఆయన నవ్వెటోడు.”

పెన్ను లోపల పెట్టేసింది. గాజు నాలుగోసారి.

పక్కన కూర్చుంది. మెల్లగా ముసలామె ఎడమ చేయి పట్టుకుంది.

“ఏందే, చెయ్యి గుంజుతవ్? పిండి అంటుతది. గీ వాచీ సూస్తున్నవా?” అంది అనసూయమ్మ. “నా కొడుకు దేశం కాని దేశం పోయి తెచ్చిండు. ముట్టకు.”

చేయి వెనక్కి లాక్కుంది. బకిల్ దేవిక గాజుకు తగిలి కిర్రుమంది. సూది బయటికి రాలేదు. దేవిక ఊపిరి బయటికి వదిలింది.

ఐదోసారి. ఆరోసారి. ముసలామె మినుముల ధర గురించి చెబుతోంది. ఆయన పోయాక మార్కెట్లో మర్యాద లేదంటోంది.

“ఆయన దలాలి చేసెటోడు. కందుల దలాలి. ఆయన రుమాల్ల చెయ్యి పెడితే తాండూరు మొత్తం ఊపిరి బిగపట్టుకునేది...”

దేవిక ఇంకేమీ ఆలోచించలేదు. శాలువా ఇంకా భుజం మీదే ఉంది. దాన్ని తీసి ముసలామె ఎడమ చేతి మీద కప్పింది. లోపలికి చేయిపెట్టి, వాచీ అద్దం మీద గోటితో రెండుసార్లు తట్టింది. తర్వాత అరచేయి మొత్తం పట్టుకుంది.

ఈ సరుకు. ఐదు.

అనసూయమ్మ మాట మధ్యలో ఆగిపోయింది.

ఆమె కళ్ళు మారిపోయాయి. పిండి కలిపే ముసలామె పోయి, దలాలి చేసినాయన ఇల్లాలు కూర్చుంది అక్కడ. పెదవులు బిగించింది. రుమాలు కింద బేరం నడుస్తుంటే నోరు విప్పకూడదు. అది ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. వాకిట్లో కాకి అరుపు ఒక్కటే.

ముసలి వేళ్ళు శాలువా కింద కదిలాయి. అరచేయి, నాలుగు వేళ్ళు.

తొమ్మిది.

ఏడోసారి గాజు వణికింది. మూడు నిమిషాలు. దేవిక ఆలోచించకుండా అవే వేళ్ళు నొక్కింది. తొమ్మిదికి సరే.

అనసూయమ్మ భృకుటి ముడిపడింది. చేయి శాలువాలోంచి లాగేసుకుంది. మొదటి మాటకే ఒప్పుకునే కొనుగోలుదారు దొంగైనా అయ్యుండాలి, పిచ్చిదైనా అయ్యుండాలి. తల అడ్డంగా ఊపి, ఏదో అనడానికి నోరు తెరవబోయింది.

దేవిక చప్పున ఆ చేయి మళ్ళీ అందుకుంది. శాలువా సరిచేసింది. అరచేయి, ఒక వేలు. ఆరు. ముఖం మాడ్చుకుంది. తండ్రి అంగట్లో మాడ్చుకున్నట్టే, ఈ ధరకు ఎవరైనా ఇస్తారా అన్నట్టు.

ముసలామె పెదవులు మళ్ళీ బిగుసుకున్నాయి. ఇప్పుడు బేరం బేరంలా ఉంది. తొమ్మిది.

ఎనిమిదో వణుకు. ఏడు.

ముసలామె కళ్ళు మూసుకొని ఆలోచించింది. నిజంగా ఆలోచించింది. తీరిగ్గా. దేవిక వేళ్ళకు ఆమె మణికట్టు నాడి తెలుస్తోంది. టిక్కు టిక్కుమని. ఆ నాడి పక్కనే సూది ఉంది.

ఎనిమిది, అంది ముసలామె వేళ్ళతో.

దేవిక రెండు క్షణాలు ఆగింది. ఆగడం అంత కష్టమైన పని ఆమె జీవితంలో చేయలేదు. తర్వాత నొక్కింది. ఎనిమిది.

అనసూయమ్మ ముఖం విప్పారింది. అరచేత్తో అరచేతిని చరిచింది. సౌదా అయ్యింది, బేరం ఖాయం. సౌదా అయితే సరుకు అప్పటికప్పుడే ఇవ్వాలి. కుడిచేత్తో శాలువా తీసేసి, మాట మీద నిలబడే మనిషిగా, వాచీ బకిల్ మీద వేలు పెట్టి లాగబోయింది.

దేవిక రెండు చేతులతో ఆ వేలిని పట్టుకుంది. గట్టిగా. ముసలామె నొప్పికి ముఖం ముడిచింది, కానీ అరవలేదు. దేవిక కళ్ళలో ఏం కనబడిందో, ఆమె వేలు అలాగే వదిలేసింది.

అద్దం మీద పిండి. దేవిక కొంగుతో తుడిచింది. అంకెలు వెలిగాయి. తొమ్మిదోసారి గాజు వణికింది. ఒక నిమిషం.

4.

వేలు తడిగా ఉంది. అద్దం రెండో అంకె తీసుకోలేదు. చీరకు తుడుచుకుంది. 2.

7. లేదు, 8 పడింది. పక్కన చిన్న బాణం గుర్తు. నొక్కింది. 8 పోయింది. 7.

ఆఖరి అంకె ముందు ఆమె వేలు గాల్లో ఆగింది. మూడు వేళ్ళేనా? నాలుగా? అప్పుడు స్టేజీ మీద శాలువా కింద స్నేహలత చేయి వణికింది. చిటికెన వేలు తగిలిందా, నొక్కిందా? దేవిక కళ్ళు మూసుకుంది. ఆ చల్లటి వేళ్ళను మళ్ళీ తన చేతి మీదికి తెచ్చుకుంది. చిటికెన వేలు లేదు. చూపుడువేలు, నడిమివేలు, ఉంగరం వేలు.

3.

అద్దం పచ్చబడింది. బకిల్ తనంతట తాను తెరుచుకుంది. దేవిక వాచీని లాగి నాపరాయి మీద పెట్టింది. పెట్టి ఇంకా వేళ్ళు వెనక్కి తీయలేదు, గాజు పదోసారి వణికింది. వాచీ వెనకనుంచి వెంట్రుకంత సన్నటి సూది చటుక్కున బయటికి వచ్చింది. దాని మొన నుంచి ఒక చుక్క నీలం రాయి మీద పడింది.

అనసూయమ్మ ఆ చుక్కను చూసింది. తన మణికట్టును చూసుకుంది. మెల్లగా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అదే క్షణంలో హాల్లో రెండొందల మంది బగారా అన్నం కలుపుతున్నారు. అందరూ విస్తళ్ళ వైపు చూస్తుంటే, ఒక్కడు మాత్రం చెంచా పక్కన పెట్టి, ఎడమ చేతిలో ఫోను పట్టుకొని, సోమేశ్వర్ ముఖంలోకి చూస్తున్నాడు. పడతాడని చూస్తున్నాడు. సోమేశ్వర్ దాల్చా ఇంకా కొంచెం పొయ్యమన్నాడు. ఆ చూసేవాడు ఫోను చూసుకొని, మళ్ళీ సోమేశ్వర్‌ను చూశాడు. అప్పటికే దాల్చా బకెట్టు పట్టుకున్న యోహాను వాడి వెనక నిలబడి ఉన్నాడు.

“మనీష్ సాబ్,” అన్నాడు యోహాను, ఫోను లాక్కుంటూ. “పెరుగు ఎయ్యాల్నా?”

నీలం గేటు ఇంట్లో గాజు మూడుసార్లు వరుసగా కొట్టింది.

దేవిక ఏడ్చేసింది. ఎందుకో చెప్పే ముందే ఏడ్చేసింది. అనసూయమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి, తాగించి, అంతా విన్నది. అమర్‌నాథ్ పేరు వచ్చినప్పుడు మాత్రం, “గా పిలగాడు నా చేతిల పెరిగిండు” అని గోడ వైపు తిరిగి కూర్చుంది.

గంట తర్వాత సోమేశ్వర్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. వెనకే యోహాను. ఆయన వెనక స్నేహలత. మనీష్ ఫోనులోంచే ఆమె వాచీ కూడా తెరిచారు. ఖాళీ మణికట్టును ఇంకో చేత్తో రుద్దుకుంటూనే ఉంది.

“అమ్మా, నీకేం కాలే గదా?” సోమేశ్వర్ వాకిట్లోనే కూలబడ్డాడు. “నేనే పెట్టిన గదా నీ చేతికి, నా చేతులార...”

“నీ చేతికే ఉంటే గీ పాటికి నిన్ను మోసుకొస్తుండిరి,” అంది తల్లి. కొడుకు తల నిమిరింది. “ఏడువకు. వడియాల మీద కూసున్నవ్, లే.”

యోహాను దేవికను పక్కకు పిలిచాడు. “రింగ్ మెయిన్ ఆఫీసు అడ్రసు దొరికింది. ఇస్తాంబుల్. వచ్చే నెల స్టోన్ ఫెయిర్ ఉంది, సోమేశ్వర్‌కు ట్రాన్స్‌లేటర్‌గా పోతున్నవ్. నీకు ఇదే మొదటి విదేశీ ప్రయాణం గదా?”

“అవును సార్.”

“పని మూడు రోజులు. బాగ చేసినవ్ కాబట్టి చెప్తున్న, ఇంకో రెండు రోజులు ఉండి ఊరు చూసి రా. లీవ్ నేనిస్త.”

దేవిక తన మణికట్టు వైపు చూసుకుంది.

“సార్, మూడో రోజు సాయంత్రం ఫ్లైట్ ఉంటదా?”

“ఉంటది. ఎందుకు?”

“మధ్యాహ్నానికి ఏదన్నా ఉందేమో చూడుండ్రి సార్.”